పాపని సపోర్టెడ్ కాంటాక్ట్ సెంటర్‌లో కలవమన్నారు, అక్కడ ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళు చెప్తారా? (ఇంగ్లండ్)

పాపనాన్న

అందరికీ నమస్తే. ఇది రాయాలా వద్దా అని వారం రోజులుగా కొట్టుకుంటున్నా. మనవాళ్ళలో ఇలాంటివి నోరు తెరిచి ఎవర్నీ అడగలేం, అడిగితే సాయంత్రానికల్లా అందరి వాట్సాప్‌లోనూ ఉంటుంది. అందుకే పేరు లేకుండా ఇక్కడ అడుగుతున్నా.

నేను, మా ఆవిడ విడిగా ఉండబట్టి ఎనిమిది నెలలైంది. పాపకి మొన్ననే నాలుగు నిండాయి. మొదట్లో వీడియో కాల్‌లో చూపించేది, తర్వాత మా ఇద్దరికీ మాటా మాటా పెరిగి అదీ ఆగిపోయింది, నేను పాప ముఖం చూసి అయిదు నెలలు. మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికి, కబురు పెట్టిస్తే రానంది. ఇక దారి లేక పాపని చూసే ఏర్పాటు చేయమని కోర్టుకి సీ100 ఫారం వేశాను. పిల్లల కేసుల్లో కోర్టుకి సలహా ఇచ్చే కాఫ్‌కాస్ అనే సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడింది, మా ఆవిడతో కూడా విడిగా మాట్లాడారట. పోలీసుల దగ్గరా కౌన్సిల్ దగ్గరా మా మీద ఏమీ లేదని లెటర్‌లో రాశారు. కానీ ఇంట్లో గట్టిగా అరుచుకునేవాళ్ళమనీ, పాప భయపడి గదిలోంచి బయటికి వచ్చేది కాదనీ మా ఆవిడ చెప్పింది. అరుచుకున్న మాట నిజమే, నేను కాదనను.

మొదటి హియరింగ్‌లో మెజిస్ట్రేట్లు, పదిహేను రోజులకొకసారి శనివారం రెండు గంటలు సపోర్టెడ్ కాంటాక్ట్ సెంటర్‌లో (విడిగా ఉంటున్న అమ్మనో నాన్ననో పిల్లలు వచ్చి కలిసే చోటట) మొదలుపెట్టండి, ఎలా జరుగుతోందో వచ్చే హియరింగ్‌లో చూద్దాం అన్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్ళు ఆడలేదు. కన్న కూతుర్ని చూడ్డానికి ఎవరో కాపలా ఉండాలా? ఇంట్లో చెప్తే అమ్మ ఫోన్‌లోనే ఏడ్చేసింది, నాన్న అయితే రెండు రోజులు మాట్లాడలేదు.

నా డౌట్లు ఇవి. పక్కన ఎవరైనా కూర్చుని మేం మాట్లాడేదంతా రాసుకుంటారా? పాపతో తెలుగులో మాట్లాడొచ్చా, దానికి నాతో ఇంగ్లీష్ అలవాటు లేదు. అమ్మ వచ్చే నెల విజిటర్ వీసా మీద వస్తోంది, తనని తీసుకెళ్ళనిస్తారా? నేను ప్రమాదకరమైన మనిషినని ఎక్కడైనా రికార్డులో ఉండిపోతుందా? ఇలా ఎన్ని నెలలు?

ఇంకొకటి, అడగాలంటేనే భయంగా ఉంది. అయిదు నెలలంటే నాలుగేళ్ళ పిల్లకి చాలా ఎక్కువ కదా. నన్ను గుర్తుపడుతుందా?

రెండోశనివారం

అన్నా, గుర్తుపడ్తది. ఆ ఒక్కటి ముందుగాల చెప్తున్న, మిగతాది తర్వాత సదువు.

నేను మూడేండ్ల కింద పోయిన, బాబు అప్పుడు మూడున్నరేండ్లు, ఆరు నెలలు చూడలే నేను. నాకు కూడా నీ లెక్కనే అనిపించింది, జైల్ల ములాఖత్ లెక్క ఉంటదనుకున్న. పోయి చూస్తే ఒక చర్చి హాలు. ఆటబొమ్మలు, చాపలు, చిన్న కిచెన్ సెట్టు, ఒక మూలకు పెద్ద పిల్లలకి బోర్డ్ గేములు, ఇంకో మూలకు టీ. అయిదారు కుటుంబాలు ఒక్కటే హాల్ల ఉంటయి. వాలంటీర్లు ముగ్గురు నలుగురు తిరుగుతుంటరు, పలకరిస్తరు, పిల్లగాడు ఏడిస్తే వస్తరు, అంతే. పక్కన కుర్చీ ఏసుకొని కూసునేది, పెన్ను కాయితం పట్టుకునేది ఏం లేదు. అట్ల చేసేదాన్ని సూపర్‌వైజ్డ్ అంటరు, అది వేరే. నీ ఆర్డర్ల సపోర్టెడ్ అనే ఉన్నదా ఒకసారి మంచిగ చూసుకో.

మొదటి రోజు కంటే ముందు ఒకరోజు రమ్మంటరు, హాలు చూపిస్తరు, రూల్స్ చెప్తరు. తల్లికి వేరే టైం ఇస్తరు, పిల్లగాన్ని తీసుకొని వచ్చి చూస్కుంటది. ఆ ముందు విజిట్‌ని తేలిగ్గ తీస్కోకు. మా సెంటర్ల కోఆర్డినేటర్ అప్పుడు అడిగింది, మీ బాబుకి ఏమంటే ఇష్టం అని. నేను బస్సులు అన్న. మొదటి శనివారం నేను పోయేసరికి అన్ని బస్సులు కార్లు తీసి చాప మీద పెట్టిండ్రు. గా దానికే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

బాబు వచ్చినంక ఇరవై నిమిషాలు వాలంటీర్ ఆంటీ చెయ్యి వదల్లే. నేను దగ్గరికి పోతే ఆమె ఎనకకి పోయిండు. నేను ఏం చేయలే, చాప మీద కూసొని ఒక్కణ్ణే బస్సు నడిపిన, సౌండ్ చేసుకుంట. కొంచెం సేపైనంక వాడే వచ్చి "అట్ల కాదు, బెల్ కొట్టాలె" అన్నడు. అన్నా నువ్వు మాత్రం పోంగనే ఎత్తుకోకు, ముద్దులు పెట్టకు, "నాన్నని మర్చిపోయినవా" అని అస్సలు అడగకు. వాళ్ళే వస్తరు.

నేను చేసిన తప్పులు కూడ చెప్త. మొదటి మూడుసార్లు పెద్ద పెద్ద బొమ్మలు కొనుకపోయిన. నాలుగోసారి వాడు వచ్చుడు వచ్చుడే బ్యాగుల చెయ్యి పెట్టిండు, నా ముఖం చూడలే. అప్పటికెళ్ళి బంద్ చేసిన, ఒక్క పుస్తకం, కొన్ని పండ్లు. ఇంకోటి, ఒకసారి వాన్ని "అమ్మ ఫోన్ ఎందుకు ఎత్తుతలేదు" అని అడిగిన. వాడు ఆట ఆపి కింద చూసుకుంట కూసున్నడు, మళ్ళ ఆడలే ఆ రోజు. రెండు గంటలల్ల గంట అట్లనే పోయింది. ఇప్పటికీ బాధైతది యాదికొస్తే.

ఫోటోలు అడగకుండ తీయకు, పక్కన వేరేటోళ్ళ పిల్లలు ఉంటరు.

గోదారిగట్టు

ఇదంతా ఏంటండీ. మీ పాపని మీరు చూసుకోడానికి ఊళ్ళోవాళ్ళ పర్మిషనా. పోలీసు కేసు లేదు, కౌన్సిల్ దగ్గర ఏం లేదు అని వాళ్ళే రాశారు కదా, మరి ఈ సెంటర్ ఎందుకు? ఒప్పుకుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే అవుతుంది. నా మాట విని రెండు వైపులా పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించండి, లేదంటే మంచి బారిస్టర్‌ని పెట్టి పోరాడండి. ఇంట్లో చూస్తా లేకపోతే లేదు అని గట్టిగా చెప్పండి.

రెండోశనివారం

గోదారి అన్నా, నీ బాధ అర్థమైంది గానీ ఆ సలహా మాత్రం ఇయ్యకు. నాకు కూడ ఒకాయన అట్లనే చెప్పిండు, నేను విని రెండు నెలలు పోలేదు. ఆ రెండు నెలలు ఎవరికి పోయినయి? నాకూ నా కొడుక్కీ. కోర్టు చూసేది ముందుగాల పిల్లల బాగు, 1989 చిల్డ్రన్ యాక్ట్‌ల మొదటి మాటనే అది. తండ్రి రోషం ఎంతున్నదని చూడరు, ఇచ్చిన దారిల తండ్రి టైంకి వస్తున్నడా లేదా అని చూస్తరు. "ఇంట్లోనే, లేకపోతే లేదు" అంటే ఆఖరికి "లేదు" అన్నదే మిగుల్తది.

పెద్దమనుషుల ముచ్చట కూడ చూసిన. మా దాంట్ల ఇద్దరి తల్లిదండ్రులు వీడియో కాల్ పెట్టుకొని మూడు గంటలు మాట్లాడిండ్రు, ఆ మూడు గంటలల్ల పిల్లగాని పేరు ఒక్కసారి రాలే, బంగారం ముచ్చటే నడిచింది.

కిటికీపక్కన

నేను ఇంకో వైపు మనిషిని. అంటే పిల్లని తీసుకొచ్చి వదిలే వైపు. మా అమ్మాయికి ఆరేళ్ళు, పదకొండు నెలలుగా వెళ్తోంది, ఈ మధ్యనే సెంటర్‌లో హ్యాండోవర్ మాత్రమే చేసి వాళ్ళ నాన్న బయటికి తీసుకెళ్ళేలా మారింది.

పాపనాన్న గారూ, మీ ఆవిడ తరఫున మాట్లాడట్లేదు, ఆవిడెవరో నాకు తెలీదు. కానీ ఇది మిమ్మల్ని అవమానించడానికే అడిగిందని అనుకోకండి. నా సంగతి చెప్తాను. మా ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, కానీ ఆయన గొంతు వింటే చాలు నాకు చేతులు వణికేవి. పిల్లకి మాత్రం నాన్న కావాలి. నేను ఆయన్ని చూడకుండా పిల్ల ఆయన్ని ఎలా చూడాలి? ఈ సెంటర్ వచ్చింది కాబట్టే కుదిరింది. మాకు పావుగంట తేడాతో టైం ఇచ్చారు, నేను వెనక గేటు నుంచి వచ్చి వాలంటీర్‌కి అప్పజెప్పి వెళ్ళిపోతాను, ఆయన అప్పటికే లోపల ఉంటారు. పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఎదురుపడకపోవడం వల్లే నా భయం కూడా తగ్గింది, ఇప్పుడు స్కూల్ విషయాలు ఆయనకి మెసేజ్ పెట్టగలుగుతున్నాను.

ఇంకో భయం ఉండేది, అది మన ఇండియా వాళ్ళందరికీ ఉండేదే. పిల్లని తీసుకుని ఫ్లైట్ ఎక్కేస్తే? పిల్లల్ని ఎత్తుకెళ్తే వెనక్కి రప్పించే హేగ్ ఒప్పందం 1980లో వచ్చింది, అందులో ఇండియా చేరలేదు, కాబట్టి అక్కడికి వెళ్ళిపోయాక వెనక్కి తేవడం చాలా కష్టం. ఇక్కడి చట్టం ప్రకారం పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ (పిల్ల మీద చట్టపరమైన హక్కులూ బాధ్యతలూ) ఉన్న వాళ్ళందరూ ఒప్పుకుంటేనే, లేదా కోర్టు అనుమతిస్తేనే పిల్లని దేశం దాటించాలి, పిల్ల తమ దగ్గరే ఉండాలని కోర్టు ఆర్డర్ ఉన్నవాళ్ళు మాత్రం 28 రోజుల లోపు తీసుకెళ్ళొచ్చు. లేకపోతే అది నేరమే, 1984 నుంచి ఉంది ఆ చట్టం. పిల్లని అలా తీసుకెళ్ళకుండా ఆపే ప్రొహిబిటెడ్ స్టెప్స్ ఆర్డర్‌ని నేను కోర్టుని అడిగాను. ఆయన దాన్ని పెద్ద గొడవ చేస్తారనుకున్నా, కానీ ఆయనే పిల్ల పాస్‌పోర్టు సాలిసిటర్ (లాయర్) దగ్గర పెడతానని రాసిచ్చారు. ఆ ఒక్క కాగితంతో నాకు నిద్ర పట్టింది. మీ ఆవిడకి కూడా ఆ భయం ఉందేమో కనుక్కోండి, ఉంటే మీరే ముందు అడిగి ఇచ్చేయండి.

చివరగా ఒక్కటి, టైం. ఒక శనివారం ఆయన రాలేదు, ముందు చెప్పలేదు. ఆయన కొనిచ్చిన షూస్ అప్పటికి పిల్లకి బిగుతైపోయాయి, అయినా అవే వేసుకుంటానని ఏడ్చి వేసుకుని వచ్చింది. అరగంట చూసి వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఇంటికి వచ్చాక ఆ షూస్ తీస్తుంటే మడమ దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. జ్వరం వచ్చినా, రైళ్ళు ఆగిపోయినా ముందు రోజే సెంటర్‌కి చెప్పండి, పిల్లని బయల్దేరదీయకుండా ఆపుకుంటాం.

పేరెందుకులెండి

పైన అందరూ మంచి అనుభవాలు రాశారు, సంతోషం. కానీ ఇది చదివే ఆడవాళ్ళు ఇంకొందరు ఉంటారు, వాళ్ళ కోసం రాస్తున్నా.

సపోర్టెడ్ సెంటర్ అందరికీ కాదు. పిల్లకీ తల్లికీ ప్రమాదం లేదని తేలిన కుటుంబాలకి మాత్రమే. నా కేసులో కొట్టడం, గొంతు పట్టుకోవడం, ఫోన్ లాక్కోవడం అన్నీ ఉన్నాయి. అయినా ఆయన వైపు సాలిసిటర్ సపోర్టెడ్ చాలు అన్నారు, ఎందుకంటే అది దగ్గర్లో ఉంది, ఖర్చు తక్కువ. నాకు అప్పటికి తేడా తెలీదు, సెంటర్ అంటే ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు కదా అని సరే అనేశాను. సెంటర్‌లో చేరడానికి నింపే రెఫరల్ ఫారంలో గృహహింస గురించి అడిగిన చోట జరిగింది జరిగినట్టు రాశాను. సెంటర్ కోఆర్డినేటర్ నాకు ఫోన్ చేసి, అమ్మా ఇది మా వల్ల అయ్యే పని కాదు, మా దగ్గర ఉండేది వాలంటీర్లు, మీకు సూపర్‌వైజ్డ్ కావాలి అని చెప్పి వెనక్కి పంపేశారు. కోర్టు రాసినా సెంటర్ కాదనొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలీదు. ఆవిడ కాదనడం వల్లే నా పిల్ల ఈరోజు క్షేమంగా ఉంది అనుకుంటాను.

సూపర్‌వైజ్డ్‌లో శిక్షణ ఉన్న మనిషి మొత్తం సమయం పక్కనే ఉంటారు, మాట్లాడేది వింటారు, రిపోర్ట్ రాస్తారు, అది కోర్టుకి వెళ్తుంది. ఖర్చు చాలా ఎక్కువ, ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి.

భయం ఉన్నవాళ్ళు ఫారంలో దాచకండి. పరువు పోతుందని "చిన్న చిన్న గొడవలు" అని రాయకండి. సీ100తో పాటు సీ1ఏ అని ఇంకో ఫారం ఉంటుంది, హింస గురించి అందులో రాయాలి, రెండో వైపు వాళ్ళు కేసు వేసినా మనం వేయొచ్చు. ఇంటి అడ్రస్ వాళ్ళకి తెలియకూడదంటే సీ8. హింస ఉన్నప్పుడు మీడియేషన్‌కి వెళ్ళకపోయినా పర్లేదు, దానికి మినహాయింపు ఉంది. 2013 నుంచి ఇలాంటి కేసుల్లో లీగల్ ఎయిడ్ (లాయర్ ఖర్చుకి ప్రభుత్వ సాయం) దాదాపు తీసేశారు, కానీ గృహహింసకి ఆధారం ఉంటే, ఆదాయం వాళ్ళ లెక్క లోపు ఉంటే ఇప్పటికీ వస్తుంది, జీపీ, అంటే మన ఏరియా డాక్టర్, రాసిన లెటర్ కూడా ఆధారమే. పిల్ల మీద చెయ్యి పడకపోయినా, చూసినా విన్నా పిల్ల కూడా బాధితురాలే అని 2021 గృహహింస చట్టంలో రాశారు. డిపెండెంట్ వీసా అని నోరు మూసుకోకండి. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వాళ్ళు మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం, మిగతా నల్లజాతి, మైనారిటీ ఆడవాళ్ళ కోసం 1979 నుంచి పనిచేస్తున్నారు, వాళ్ళతో మాట్లాడండి.

పాపనాన్న గారూ, ఇది మిమ్మల్ని అన్నది కాదు. అరిచిన మాట నిజమే అని మీరే రాశారు, అలా రాసేవాళ్ళు తక్కువ.

పాపనాన్న

అందరికీ థాంక్స్. షూస్ సంగతి చదివాక కాసేపు లేచి బయట నడిచొచ్చాను. పాస్‌పోర్టు సంగతి నాకు తట్టనే లేదు, పాప పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, సొరుగులో. రేపే సాలిసిటర్‌కి చెప్తాను.

ఒక చిన్న డౌట్. ఆరుసార్లు బాగా జరిగితే సెంటర్ వాళ్ళు మంచి రిపోర్ట్ ఇస్తారు, దాంతో బయట కలవడానికి అడగొచ్చు అని తెలిసినాయన ఒకరు అన్నారు. రెండోశనివారం అన్న ఏమో ఎవరూ ఏమీ రాసుకోరు అంటున్నారు. ఏది నిజం?

శనివారంవాలంటీర్

బాబూ, నేను ఇలాంటి సెంటర్‌లోనే ఏడేళ్ళుగా వాలంటీర్‌ని, నర్సుగా రిటైరయ్యాక చేరాను. ఏ ఊరో చెప్పను, ఊరు చెప్తే అక్కడికి వచ్చే మనవాళ్ళకి ఇబ్బంది.

రిపోర్ట్ ఉండదు. మేం రాసేది ఎవరు ఏ తారీఖున వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు, అంతే. కోర్టు అడిగినా అదే ఇస్తాం. "తండ్రి చాలా ప్రేమగా ఉన్నాడు" అనీ రాయం, "పిల్ల ఏడ్చింది" అనీ రాయం. ఒక్కటే మినహాయింపు, పిల్లకి గానీ ఇంకెవరికైనా గానీ హాని జరిగేలా ఉందని అనిపిస్తే అది దాచం, చెప్పాల్సినవాళ్ళకి చెప్తాం. మొదట్లో నాకూ ఇది నచ్చేది కాదు, ఇంత మంచి తండ్రి గురించి రెండు ముక్కలు రాస్తే పోయేదేముంది అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, ఒకరి గురించి మంచి రాస్తే రెండోవాళ్ళకి మేం ఆ పక్షం అయిపోతాం, ఆ మర్నాటి నుంచి ఆ తల్లి పిల్లని మా చేతికి ఇవ్వలేదు. తల్లి వైపూ తండ్రి వైపూ కాకుండా పిల్ల వైపు ఉండాలంటే ఇదే పద్ధతి. నీకు కావాల్సింది ఆ హాజరు కాగితమే. టైంకి, మానకుండా, నెలల తరబడి వచ్చాడని అందులో ఉంటే అది తక్కువ మాట కాదు.

రికార్డు సంగతి అడిగావు. సపోర్టెడ్‌కి పంపారంటేనే నువ్వు ప్రమాదం కాదు అని అనుకున్నారన్నమాట, పైన ఆ అమ్మాయి చెప్పింది అదే. ఎవరూ నిన్ను దోషి అనలేదు.

తెలుగు. సపోర్టెడ్‌లో మేం మాటలు వినం కాబట్టి చాలా చోట్ల ఏ భాషైనా మాట్లాడుకోవచ్చు, మా దగ్గర పోలిష్, ఉర్దూ, తమిళం అన్నీ వినిపిస్తాయి. కొన్ని సెంటర్లు ఇంగ్లీష్ అడుగుతాయి, సూపర్‌వైజ్డ్‌లో అయితే చూసే మనిషికి అర్థం కావాలి కాబట్టి దుబాసీ లేకపోతే ఇంగ్లీషే మాట్లాడమంటారు. ముందు విజిట్‌లోనే అడుగు, పాపకి ఇంగ్లీష్ నాతో రాదు అని వివరంగా చెప్పు. అడిగితే తప్పేం లేదు.

మీ అమ్మగారు. ఫారంలో పేర్లు ఉన్నవాళ్ళనే రానిస్తాం, గుమ్మం దాకా వచ్చి మామ్మని అంటే కుదరదు. మీ ఆవిడ ఒప్పుకోవాలి, లేదా ఆర్డర్‌లో ఉండాలి. నన్నడిగితే మొదటి రెండు మూడుసార్లు నువ్వొక్కడివే వెళ్ళు. అయిదు నెలల తర్వాత పిల్ల ఎదురుగా ముగ్గురు పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళతో కూర్చుంటే తట్టుకోలేదు. నేను చూశాను, ఒక మామ్మగారు ఇండియా నుంచి వచ్చి గుమ్మంలోనే బావురుమంది, పాపం ఆవిడ తప్పేం లేదు, కానీ పిల్లాడు వెళ్ళి బల్ల కింద దాక్కున్నాడు. అలా అని రానివ్వద్దని కాదు, నువ్వూ పాపా కుదురుకున్నాక.

పాపని హాలు బయటికి తీసుకెళ్ళకూడదు, ఇద్దరూ ఒప్పుకుంటే గానీ కోర్టు రాస్తే గానీ. తినేవి తేవచ్చా లేదా సెంటర్‌ని బట్టి, వేరే పిల్లలకి ఎలర్జీలు ఉంటాయి. ఫీజు కూడా అంతే, కొన్ని ఉచితం, కొన్ని రెఫరల్‌కి ఇంత అని తీసుకుంటాయి. చర్చి హాల్లో ఉన్నా మతం మాట రాదు, అది ఖాళీగా దొరికే హాలు, అంతే.

ఎన్ని నెలలు అంటే, ఇది శాశ్వతంగా ఉండే చోటు కాదు, మధ్యలో వాడుకునే వంతెన లాంటిది. మా దగ్గర ఆరు నెలలకి ఒకసారి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి, ముందుకి వెళ్ళే ఉద్దేశం ఉందా అని అడుగుతాం. కొందరు మూడు నెలల్లో హ్యాండోవర్‌కి మారతారు, అంటే పిల్లని మా దగ్గర మార్చుకుని పార్కుకో ఇంటికో వెళ్ళడం. కొందరు ఏడాది దాటినా అక్కడే ఉంటారు, ఎక్కువగా పెద్దవాళ్ళ మధ్య కోపం వల్లే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎన్ఏసీసీసీ అని నాటింగ్‌హామ్‌లో ఆఫీసు ఉన్న జాతీయ సంఘం ఉంది, 1991లో పెట్టారు, సెంటర్లకి గుర్తింపు ఇచ్చేది వాళ్ళే. వాళ్ళ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి మీకు దగ్గర్లోది గుర్తింపు ఉన్నదేనా చూసుకో. కోర్టు ఆర్డర్ వచ్చినంత మాత్రాన ఖాళీ ఉందని కాదు, సెంటర్ ఒప్పుకోవాలి, వెయిటింగ్ లిస్ట్ ఉండొచ్చు. రెఫరల్ సాలిసిటర్ పంపొచ్చు, కాఫ్‌కాస్, మీడియేటర్ పంపొచ్చు, నీ అంతట నువ్వూ ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, కోర్టు లేకుండా ఇద్దరూ మాట్లాడుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఇది ఇంగ్లండ్, వేల్స్ మాట, స్కాట్లాండ్ వాళ్ళకి చట్టం వేరు.

గుర్తుపడుతుందా అన్నావు. నాలుగేళ్ళ పిల్లలు మొదట ముఖం వంక కాదు, చేతుల వంక చూస్తారు, ఏం చేస్తున్నాడా అని. ఇంట్లో మీరిద్దరూ ఆడుకున్న ఆట ఏదైనా ఉంటే అది మొదలుపెట్టు, పిలవకుండా.

గోదారిగట్టు

మేడమ్ మీరు రాసింది మొత్తం చదివాను. నేను కోపంలో రాశాను, నాకు ఈ తేడాలు తెలీవు. మా తమ్ముడి విషయంలో ఇలాగే "ఇంట్లో అయితేనే" అని పట్టుబట్టి వాడు ఏడాదిన్నరగా కొడుకుని చూడలేదు. ఇప్పుడైనా సెంటర్‌కి అడగొచ్చా? కోర్టు కేసు మధ్యలో ఆగిపోయి ఉంది.

శనివారంవాలంటీర్

అడగొచ్చు బాబూ. ఆ అమ్మాయి ఒప్పుకుంటే కోర్టు అవసరమే లేదు, నేరుగా రెఫరల్ పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే ముందు మీడియేషన్ అడగమను, పిల్లల విషయానికి 500 పౌండ్ల దాకా ప్రభుత్వం ఇచ్చే వోచర్ 2021లో మొదలైంది, ఇప్పుడూ ఇస్తున్నారేమో కనుక్కోమను. ఏడాదిన్నర అయ్యాక ఎవరైనా సెంటర్ నుంచే మొదలుపెట్టమంటారు. వాడికి చెప్పు, ఈసారి షరతులు లేకుండా అడగమను.

పాపనాన్న

అప్‌డేట్. నాలుగు వారాలైంది, మొన్న శనివారం మొదటిసారి కలిశాను.

పాస్‌పోర్టు సాలిసిటర్‌కి ఇచ్చేశాను, ఆ లెటర్ మా ఆవిడకి వెళ్ళిన రెండో రోజే ముందు విజిట్‌కి డేట్ ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. అప్పటిదాకా మూడు వారాలు జవాబే లేదు. తెలుగు మాట్లాడుకోవచ్చన్నారు, అభ్యంతరం లేదట.

శనివారం నేను పది నిమిషాలు ముందే వెళ్ళి కూర్చున్నాను. మా పాపా నేనూ ఇంట్లో దుప్పటి కప్పుకుని గుడారం ఆట ఆడేవాళ్ళం, అక్కడ దుప్పటి లేదు, వాలంటీర్‌ని అడిగితే ఒక బల్లగుడ్డ ఇచ్చారు. రెండు కుర్చీల మీద కప్పి నేను లోపల కూర్చున్నా. పాప వచ్చింది, జుట్టు పెరిగింది, పొడుగైంది. చాలాసేపు అవతలే నిలబడింది. రెండోశనివారం అన్న చెప్పినట్టు నేను పిలవలేదు, పిలవకుండా ఉండటం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. తర్వాత బల్లగుడ్డ అంచు ఎత్తి లోపలికి తొంగి చూసి "నాన్నా, టార్చ్ ఏది?" అంది. ఇంట్లో ఎప్పుడూ టార్చ్ పెట్టుకునేవాళ్ళం, నేనే మర్చిపోయాను.

రెండు గంటలు అయిపోయాక ఏడవలేదు, బై చెప్పి వెళ్ళిపోయింది. నేను తర్వాత కార్లో ఏడ్చాను.

మళ్ళీ వచ్చే శనివారం కాక ఆ పై శనివారం, పదింటికి. టార్చ్ కొన్నాను. అమ్మ గురించి మూడుసార్లు అయ్యాక అడుగుతాను, తనకి కూడా మీరు చెప్పిందే చెప్పాను, అప్పటిదాకా ఇంట్లోనే ఉంటానంది.